గంజి పెట్టిన టోపీలు

లిఫ్టు అయిదో అంతస్తు నుంచి కిందికి దిగేలోపు దిలావర్ వేళ్లు టోపీ చుట్టూ సగం దూరం తిరిగొస్తాయి. మధ్యలో ఎవరైనా ఎక్కితే చెయ్యి ఆపి, "ఏ ఫ్లోరు?" అని అడుగుతాడు. వాళ్లు అప్పటికే మీట నొక్కేసి ఉంటారు. అడగడం ఆయన పని కాబట్టి అడుగుతాడు, నొక్కడం వాళ్లకి అలవాటు కాబట్టి నొక్కుతారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. మళ్లీ ఊలు చూపుడువేలికి చుట్టుకుని, క్రోషా సూదిని కుట్టులోకి దూరుస్తాడు.

అమీర్‌పేట మెట్రో స్తంభాల వెనక గల్లీలో ఉన్న ఆ బిల్డింగుకి లిఫ్ట్‌మ్యాన్‌తో అవసరం తీరిపోయి చాలాకాలమైంది. పాత లిఫ్టుకి ఇనుప జాలీ తలుపుండేది. దాన్ని లాగడానికీ, గడప అంతస్తు నేలకి సమంగా వచ్చేలా ఆపడానికీ మనిషి కావాలి. తరవాత స్టీలు తలుపుల లిఫ్టు వచ్చింది. అది తనే ఆగుతుంది, తనే తలుపు తీస్తుంది, పైగా ఏ అంతస్తు వచ్చిందో ఆడగొంతుతో ఇంగ్లీషులో చెబుతుంది. ఓనరు హనుమత్ప్రసాద్ గారు తెనాలి వైపు మనిషి. "దిలావర్ ఎక్కడికీ పోడు, స్టూలు ఇందులోనే వెయ్యండి" అన్నారు. ఆయన కాలం చేశారు. కోడలు ఉదయలక్ష్మి గారు చూసుకోవడం మొదలుపెట్టారు. ఆవిడా స్టూలు జోలికి పోలేదు. అది మంచితనమో మరుపో దిలావర్ ఎప్పుడూ విచారించలేదు, విచారిస్తే గుర్తొస్తుందేమోనని.

సన్నటి మనిషి. గోరింటాకు పెట్టిన గడ్డం మొదళ్లలో తెల్లగా దిగుతుంది. ఖాకీ చొక్కా, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు, తల మీద తనే అల్లుకున్న తెల్ల నూలు టోపీ. స్టూలు వెనక నిలువెత్తు అద్దముంది. జావా, పైథాన్ నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లు ఆయన తల మీదుగా అందులో చూసుకుని జుట్టు సర్దుకుంటారు. వాళ్ల మోచేతులు తగలకుండా తల ఎడమపక్కకి వాల్చి గోడకి ఆనించి కూర్చోవడం ఆయనకి అలవాటైపోయింది. ఇప్పుడు లిఫ్టులో ఎవరూ లేకపోయినా అలాగే కూర్చుంటాడు.

"చాచా, ఏ ఇన్‌స్టిట్యూట్‌ల నేర్చినవ్ ఈ కోర్సు? ప్లేస్‌మెంట్ ఉందా?" అంటాడు ఎవరో ఒకడు రోజూ.

"నాకే పడలే బేటా ప్లేస్‌మెంట్, నీకేం జెప్పాలె" అంటాడు దిలావర్. వాళ్లు నవ్వి దిగిపోతారు. మర్నాడు ఇంకొకడు అదే అడుగుతాడు, ఆయన అదే చెబుతాడు.

ఆ రోజు మాత్రం అద్దం పక్కన కొక్కేనికి ప్లాస్టిక్ కవరులో ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేలాడుతోంది. పొద్దున్నే పంజగుట్టలో తన గది నుంచి నడిచొస్తూ దాన్ని మడత పడకుండా రెండు చేతుల మీదా మోసుకొచ్చాడు. మూడింటికి ఆయన బడికి వెళ్లాలి. మళ్లీ పంజగుట్టకే, ఫ్లైఓవర్ అవతల ఉన్న స్కూలుకి.

నాలుగో అంతస్తులో ఓ చిన్న సంస్థ ఉంది. బళ్లలో పిల్లలు ఒకళ్లనొకళ్లు ఏడిపించుకోకుండా చూడటం వాళ్ల పని. చెబితే వినరు కదా పిల్లలు, అందుకని ఒక రోజు పెట్టారు. ఆ రోజు అందరూ నీలం టోపీ పెట్టుకోవాలి. పెట్టుకున్నవాళ్లు ఎవర్నీ ఏడిపించకూడదు, ఎవరినైనా ఏడిపిస్తుంటే చూసి నవ్వకూడదు. టోపీలు కొన్నవి కాకూడదు, ఎవరో ఒకరు చేత్తో అల్లి ఇచ్చినవే కావాలి. బంజారా హిల్స్ ఆడవాళ్లు కొందరు అల్లుతున్నారు. హైదరాబాదులో ఊలు టోపీ పెట్టుకునేంత చలి ఏడాదికి పది రోజులుంటే ఎక్కువ. డిసెంబరు చూసి ఆ పదిలో ఒకటి పట్టుకున్నారు.

ఆ ఆఫీసులో పనిచేసే భావన తణుకు పిల్ల, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటుంది. లిఫ్టెక్కితే మీట నొక్కకుండా నిలబడుతుంది. ఆయన అడిగాక "నాలుగండీ" అని చెబుతుంది, రోజూ వెళ్లేది అక్కడికేనని ఇద్దరికీ తెలిసినా. బిల్డింగు మొత్తంలో ఆయన్ని గారు అనేది ఆమె ఒక్కతే. ఆ పిలుపు విన్నప్పుడల్లా దిలావర్‌కి కాస్త సిగ్గూ, చాలా సంతోషమూ కలుగుతాయి. ఆయన అల్లడం చూసి ఆమే నీలం ఊలు ఉండలు తెచ్చిచ్చింది. ఆమే అంది, "మీరు అల్లినవి మీ చేత్తోనే పిల్లలకి పెట్టాలి దిలావర్ గారూ. స్కూలుకి రండి."

"బడికా? నేనేడొస్త బేటా. లిఫ్టు ఎవరు జూస్తరు?" అన్నాడు ఆ రోజు. ఆమె నవ్వు ఆపుకుంది. ఆయనా ఆపుకున్నాడు.

బడంటే ఆయనకి ఒక మధ్యాహ్నమే గుర్తు. అమ్మ ఇమామ్ బీ ఓ కొట్టువాడికి నమాజు టోపీలు అల్లి ఇచ్చేది. సాయంత్రానికి ఇవ్వాల్సినవి మిగిలిపోతే, ఆరో తరగతి చదివే దిలావర్ సంచిలో వేసుకెళ్లి అన్నం బెల్లులో అల్లేవాడు. ఆ మధ్యాహ్నం పిల్లలు వాటిని లాక్కున్నారు. ఆడపిల్లవంటూ ఆ దారమే చుట్టూ తిప్పి బెంచీకి కట్టేశారు. నూలు దారం, తెంపుకోవడం ఎంతసేపు. కానీ తెంపితే అమ్మ పని పాడవుతుందని కదలకుండా కూర్చున్నాడు. సారు వచ్చాడు. ఇక విప్పుతాడనుకున్నాడు. సారు చూసి నవ్వాడు. పిల్లలు నవ్వినందుకు దిలావర్‌కి ఏడుపు రాలేదు, సారు నవ్వినందుకు వచ్చింది. ఆ దారం ముడులతోనే ఇంటికి వెళ్లాడు, మళ్లీ బడి గడప తొక్కలేదు. ఈ సంగతి అమ్మకి చెప్పలేదు. పెళ్లయ్యాక రుఖియాకి చెబుదామనుకున్నాడు. పిల్లలు పుడితే వాళ్లని బడిలో వేసేటప్పుడు చెబుదామని ఆగాడు. పిల్లలు పుట్టలేదు. రుఖియా కూడా వెళ్లిపోయింది. ఆ మాట ఆయనలోనే ఉండిపోయింది.

భావన చెప్పిన ఆ షరతు, చూసి నవ్వకూడదన్నది, ఆయన్ని పట్టుకుంది. సాయంత్రాలు గదిలో కూర్చుని అల్లాడు. ఎన్ని టోపీలు అల్లినా తన చేత్తో ఒక్క పిల్లవాడి తల మీద పెట్టి చూసింది లేదు. కొట్టువాడు మూట కట్టుకుపోయేవాడు, మిషన్ టోపీలు వచ్చాక వాడూ రావడం మానేశాడు. పిల్లల తల ఎంతుంటుందో కొలుచుకోవడానికి దిలావర్‌కి తన మోకాలే గతి. ప్రతి టోపీనీ మోకాలికి తొడిగి, అరచేత్తో సవరించి, అటూ ఇటూ తిప్పి చూసుకునేవాడు. మోకాలి మీద కాదు, ఒక్కసారి నిజమైన తల మీద చూడాలి. మూడింటికి చూస్తాడు. అంతకంటే ఆయన కోరిందేమీ లేదు.

భావన ఎక్కేసరికి ఆమె చేతిలో సంచి ఉంది. నిన్న దిలావర్ టోపీలు వేసి ఇచ్చిన సంచే.

"నాలుగేనా?"

"నాలుగండీ." ఆమె నేల చూస్తోంది.

"ఏమైంది బేటా? మొఖం గట్ల పెట్టినవ్?"

"ఏం లేదండీ. మా అరుణాదేవి మేడమ్ టోపీలు చూశారు. అల్లిక చాలా బాగుందన్నారు."

"మంచిగనే ఉన్నది గద మరి."

"సైజే కొంచెం... అంటే, చిన్నవైపోతాయేమోనని."

"నా మోకాలుకు జూసిన" అన్నాడు దిలావర్ అనుమానంగా.

నాలుగో అంతస్తు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి, ఆమె దిగలేదు. తలుపులు మూసుకున్నాయి. కింద ఎవరో పిలిచినట్టున్నారు, లిఫ్టు వచ్చిన దారినే దిగింది. నీళ్ల బకెట్టూ తుడిచే కర్రా పట్టుకుని లచ్చమ్మ ఎక్కింది. బిల్డింగు ఊడ్చి తుడిచేది ఆమే. సంచిలోకి తొంగిచూసింది.

"ఏంది దిలావర్ భాయ్, రంజాన్ ఇంక దూరమున్నది గద. గిప్పటిసంది కుడుతున్నవా?"

ఆమెకి మరే ఉద్దేశమూ లేదు. రెండో అంతస్తులో బకెట్టుతో దిగిపోయింది. భావన తల ఇంకా వంచుకుంది.

దిలావర్ సంచిలోంచి ఒక టోపీ తీశాడు. తల తిప్పి అద్దంలోకి చూశాడు. చెవుల పైకి నిలబడే గోడ, పైన చదునుగా గుండ్రని కప్పు, కప్పు చుట్టూ గొలుసు కుట్టు. తల మీదది తెల్లది, చేతిలోది నీలంది. అంతే తేడా. పైగా గంజి పెట్టాడు. అమ్మ నూలు టోపీలకి గంజి పెట్టి, స్టీలు గిన్నెలు బోర్లించి వాటి మీద ఆరబెట్టేది. టోపీ అంటే గిన్నె మీద ఆరాలి, బిర్రుగా నిలబడాలి, ఆయనకి తెలిసింది అదే. ఊలుకి గంజి పెట్టిన మనిషి హైదరాబాదు మొత్తంలో తనొక్కడేనని అప్పుడు తట్టింది.

ముందు నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వాడు.

"మీరు తప్పుగా అనుకోవద్దు దిలావర్ గారూ. మాకేం కాదు. తల్లిదండ్రులెవరైనా ఏమన్నా అంటారేమో, ఇవి పెట్టుకున్న పిల్లల్ని మిగతావాళ్లు ఏడిపిస్తారేమోనని మేడమ్..." భావన మాట పూర్తి చెయ్యలేకపోయింది. ఏడిపించకుండా ఉండటానికి పెట్టుకునే టోపీ అది. ఆ సంగతి నోట్లోంచి వచ్చాక ఆమెకే వినబడింది.

"నువ్వు ఫికర్ జెయ్యకు. నా చేతులకు ఒక్కటే తెలుసు, గదే జేసినయి" అన్నాడు దిలావర్.

బాధ కలగలేదంటే అబద్ధమే. గుండె కింద ఎక్కడో పాత చోటే కలుక్కుమంది. కానీ ఎదురుగా ఉన్న పిల్ల కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, ఈమె నవ్వలేదు. ఆయనకి అది చాలా పెద్ద విషయం. బాధ పక్కన పెట్టేశాడు.

"ఇటియ్యి సంచి. పిల్లల టోపీ ఎట్లుండాల్నో ఫోన్ల జర జూపియ్యి. మూడింటి దాక టైమున్నది గద."

ఫోనులో చూపించింది. చెవులు మూసేలా కిందికి దిగాలి, అంచు పైకి మడవాలి, నడినెత్తిన ఊలు కుచ్చుబంతి ఉండాలి. దిలావర్ రెండు వేళ్లతో బొమ్మ పెద్దది చేసి చూశాడు.

"అయితది" అన్నాడు.

ఆమె నాలుగో అంతస్తులో దిగుతూ వెనక్కి తిరిగింది. "మీకూ ఒకటి అల్లుకోండి దిలావర్ గారూ. నీలం టోపీ లేకపోతే మిమ్మల్నీ లోపలికి రానివ్వరు." ఇప్పుడు నవ్వింది.

మొదట గంజి విరిచాడు. ఒక్కో టోపీ రెండు అరచేతుల మధ్య పెట్టి, బట్ట ఉతికినట్టు నులిమాడు. పిండి పొడిపొడిగా రాలి ఖాకీ ప్యాంటు మీద పడింది. గోడలు కూలి టోపీలు మెత్తగా ఒళ్లో పడుకున్నాయి. తరవాత అంచు దగ్గర ఊలు తగిలించి కిందికి వరసలు పెంచడం మొదలుపెట్టాడు. పైకి, కిందికి, మళ్లీ పైకి. లిఫ్టు నిండా డియోడరెంట్ వాసన, మిర్చిబజ్జీ వాసన, ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్ల కొత్త బూట్ల వాసన. ఆ రోజు "ఏ ఫ్లోరు" అని అడగలేదు. అడగలేదని ఎవరూ గమనించలేదు.

లచ్చమ్మ చాయ్ తెచ్చింది. సంగతి ఎవరి ద్వారానో తెలిసినట్టుంది, గ్లాసు అందించి అక్కడే నిలబడింది.

"నేన్ ఊకనే అన్న భాయ్. ఏమనుకోకు."

"నువ్ జెప్పకుంటే నాకు సుత తెలుస్తుండెనా? మంచే జేసినవ్."

"అన్నం దిన్నవా?"

"తింట."

తినలేదు. డబ్బా స్టూలు కింద అలాగే ఉంది. ఎడమ భుజం పొద్దుట్నుంచీ లాగుతోంది. వంగి అల్లడం వల్లనేనని రెండుసార్లు భుజం తిప్పి, మళ్లీ పని అందుకున్నాడు. కుచ్చుబంతులు చెయ్యడం ఆయనకి కొత్త. నాలుగు వేళ్లకి ఊలు చుట్టి, నడిమికి బిగించి కట్టి, కొసలు కత్తిరిస్తే తంగేడు పువ్వులా విచ్చుకుంది. నీలం తంగేడు. ఇంత సులువా అనుకున్నాడు. సరదా పుట్టి బంతులు కావలసిన దానికన్నా పెద్దవి చేశాడు. చివరి టోపీకి బంతి కట్టి, మోకాలికి తొడిగి, అంచు పైకి మడిచాడు. ఖాకీ మోకాలి మీద నీలం టోపీ చూస్తే మోకాలే ఎవరో పిల్లవాడిలా అనిపించింది. దాన్ని ఒకసారి నిమిరాడు. ఎవరూ లేరు కదా అని అద్దంలోనూ చూసుకున్నాడు.

టోపీలన్నీ సంచిలో సర్ది చొక్కా పక్కన కొక్కేనికి తగిలించాడు. ఉండలో ఇంకా ఊలు మిగిలింది. తనకోసం ఒకటి మొదలుపెట్టాడు. తన తల కొలత చూసుకోనక్కర్లేదు, వేళ్లకి తెలుసు. ఈ ఒక్కటీ అయిపోతే చొక్కా మార్చుకోవాలి, లచ్చమ్మ దగ్గర మొహం కడుక్కోవడానికి నీళ్లడగాలి. బడి లోపలికి వెళ్లేటప్పుడు చెప్పులు విడవాలో అక్కర్లేదో భావననడగాలి. పిల్లలు వరసలో నిలబడతారట. మొదటి పిల్లకి టోపీ పెట్టేటప్పుడు ఏమనాలి? ఏమీ అనక్కర్లేదు, చెవులు లోపలికి సర్దితే చాలు.

మూడో అంతస్తు దాటాక చెయ్యి ఆగింది. లిఫ్టు ఆగలేదు. దిలావర్ తల ఎప్పటిలాగే ఎడమపక్కకి వాలి గోడకి ఆనింది, కళ్లద్దాలు ముక్కు మీదికి జారాయి. ఊలు చూపుడువేలికి చుట్టుకునే ఉంది. అయిదో అంతస్తులో తలుపు తెరుచుకునేసరికి ఆయన ఇక లేడు. నలుగురు ఎక్కారు, తమ మీటలు తాము నొక్కుకున్నారు, ఆయన తల మీదుగా అద్దంలో జుట్టు సర్దుకున్నారు.

మూడింటికి భావన హడావుడిగా ఎక్కింది. కింద కారులో అరుణాదేవి గారు ఉన్నారు, ఫోను మోగుతూనే ఉంది. సంచి విప్పి చూసి ఆమె మొహం విప్పారింది.

"దిలావర్ గారూ" అని మెల్లగా పిలిచింది.

పలకలేదు. ఇస్త్రీ చొక్కా కవరులోనే ఉంది. స్టూలు కింద అన్నం డబ్బా మూత తియ్యలేదు. బడికి రావడం ఇష్టం లేకే కళ్లు మూసుకున్నారనుకుంది. ఆ మాట నోటితో చెప్పలేక, ఎదురుగా కాదనలేక, అచ్చం ఆయనలాగే చేశారనుకుంది. పొద్దున్న జరిగినదానికి ఇష్టం లేకపోతే మాత్రం ఏమనగలం. బలవంతపెట్టడం పాపమనిపించింది. అడుగుల చప్పుడు కాకుండా సంచి తీసుకుని దిగి వెళ్లింది.

ఆమె తిరిగొచ్చేసరికి గల్లీలో లైట్లు వెలిగాయి. పరుగెత్తుకుంటూ వచ్చి లిఫ్టెక్కింది. ఎక్కి, ఎప్పటిలాగే మీట నొక్కకుండా నిలబడింది.

"దిలావర్ గారూ, ఇక లేవండి, చూడండి. అందరూ ముందు మీవే ఏరుకున్నారు, బంతులు పెద్దవని. ఈ పిల్ల పేరు హరిణి. కళ్ల మీదికి లాక్కుని, ఇక తియ్యనంటే తియ్యనంది. టోపీతోనే ఇంటికెళ్లింది. తాతగారు ఏరీ అని అడిగారు పిల్లలు, నిద్రపోతున్నారని చెప్పాను."

ఫోను ఆయన ముందు పట్టుకుంది. తెరమీద నీలం టోపీ కింద ఒక పిల్ల పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. దిలావర్ చూడలేదు. లిఫ్టు కదలలేదు, ఎవరూ మీట నొక్కలేదు. భావన వంగి, లేపడానికి ఆయన చెయ్యి పట్టుకుంది. వేలికి ఊలు బిగిసి ఉంది, వేలు చల్లగా ఉంది. ఆమె ఫోను వెనక్కి తీసుకోలేదు, అలాగే పట్టుకుని ఆ చల్లటి చెయ్యి వదలకుండా నేల మీద కూర్చుండిపోయింది. నీళ్ల బకెట్టుతో వచ్చిన లచ్చమ్మ ఇద్దర్నీ చూసి బకెట్టు కింద పెట్టేసింది.

రాత్రికి పంజగుట్ట నుంచి మసీదు వాళ్లు వచ్చి తీసుకెళ్లారు. తెల్ల టోపీ, ఇస్త్రీ చొక్కా, అన్నం డబ్బా వాళ్లకే ఇచ్చారు. మర్నాడు జావా పిల్లలు స్టూలు ఖాళీగా ఉండటం చూసి లిఫ్ట్‌మ్యాన్ సెలవు పెట్టాడనుకున్నారు. ఒకడు అలవాటు కొద్దీ "ప్లేస్‌మెంట్ వచ్చినట్టుంది చాచాకి" అన్నాడు. పక్కవాళ్లు నవ్వారు. భావన వాళ్ల వైపు చూసింది, ఎప్పటిలాగే మీట నొక్కలేదు. లిఫ్టు కదలకుండా నిలబడింది. వాళ్లలో ఒకడు చెయ్యి చాపి నాలుగు నొక్కాడు.

స్టూలు కింద దొరికిన నీలం టోపీని లచ్చమ్మ ఊడ్చెయ్యలేదు, దులిపి అద్దం పక్కన కొక్కేనికి తగిలించింది. పెద్ద తలకి పట్టే టోపీ, అంచు ఇంకా మడవలేదు, బంతి కట్టలేదు, చివరి కుట్టులో క్రోషా సూది అలాగే ఉంది.